పావుగంట లెక్క

మా ఆఫీసులో రోజంటే
ముప్పై రెండు పావుగంటలు.
ఒక్కో పావుగంటకీ ఓ కోడ్ ఉండాలి.
శుక్రవారం ఆరులోగా గళ్ళన్నీ నిండకపోతే
హైదరాబాదు నుంచి ఎర్రక్షరాల మెయిలొస్తుంది.

రుషికొండ మీద అద్దాల అంతస్తు.
కింద సముద్రం ఉంది, నిజమే,
స్క్రీన్ మీద మెరుస్తోందని
మధ్యాహ్నం దాకా తెరలు దించే ఉంచుతాం.

మొన్న ఆషాఢంలో నన్నూ జోషువానీ
గాజువాక దాటాక ఉన్న రొయ్యల ఫ్యాక్టరీకి పంపారు.
"ప్రాసెస్ చూసి రండి" అన్నారు కూర్మనాథ్ సారు.
ఎవర్ని తీసేయొచ్చో చూసి రమ్మనడానికి
మా భాషలో అదే మాట.

నీలం టోపీ, తెల్ల గమ్‌బూట్లు,
క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి లోపలికెళ్ళాం.
పళ్ళు కొట్టుకునే చలి.
రెండు వందలమంది ఆడవాళ్ళు నిలబడి ఒలుస్తున్నారు
తల, తోలు, నల్ల నరం
తల, తోలు, నల్ల నరం.
నేను వెనక నించుని స్టాప్‌వాచ్ నొక్కాను.

మైలపల్లి నూకాలు చేతిలో రొయ్యకి నాలుగు సెకన్లు.
నలభయ్యో రొయ్య దగ్గర ఆగింది.
చేతొడుగు లాగి, వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకుని
ఊదుకుంది.
తొమ్మిది సెకన్లు.
ఏ గడిలో వెయ్యాలో తెలీక
"వృథా" కింద వేశాను.

టీ దగ్గర తనే వచ్చి అడిగింది:
"ఏటమ్మా, ఆ గడియారం మాకోసవేనా?
మరి నిన్నెవులు కొలుస్తారు?"
మా కంచరపాలెం మాటే అది, మా అమ్మ మాటే.
నాకు మాత్రం ఆఫీసు నవ్వొచ్చింది,
చేరిన మొదటి వారం నేర్పించిన నవ్వు.

ఇరవై రెండో స్లైడులో
"ముప్పై నాలుగు మంది" అని రాశాను.
జోషువా కొట్టేసి "పదిహేడు శాతం" అని దిద్దాడు.
అలా అయితే చదవడానికి బావుంటుందన్నాడు.
బావుంది.
సారు మెచ్చుకుని సిరిపురంలో అందరికీ
రొయ్యల బిర్యానీ తినిపించారు.
విరిచి చూశాను.
నల్ల నరం ఎక్కడా లేదు.

ఇప్పుడు నేను బెంచీ మీద, మూడో వారం.
బెంచీ అంటే కూర్చునే బల్ల కాదమ్మా అని
ఇంట్లో రెండుసార్లు చెప్పాను.
మరి జీతం ఇస్తారా అంది. ఇస్తారన్నాను.
ఎందుకు అంది.

జోషువాకి పుణేలో పని దొరికింది.
సారు లిఫ్టులో ఎదురైతే ఫోన్ చూసుకుంటారు.
నిన్న ఎవరో కుర్రాడు నా సీటు పక్కన ఆగి
ఏదో రాసుకుని వెళ్ళాడు.
చేతిలో టాబ్లెట్.
నేనప్పుడు ఏసీకి కొంకర్లు పోయిన వేళ్ళు
రుద్దుకుంటున్నాను.

ఇవాళ శుక్రవారం, అయిదుంపావు.
గళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి.
లేచి తెర తాడు లాగాను.
హార్బరు వైపు ఓడలు లంగరేసి ఉన్నాయి,
ఒకటి, రెండు, నాలుగు,
ఎవరో పిలిచేదాకా.
"మెరుస్తోంది, కాస్త దించవా" అన్నారు వెనకనుంచి.
దించుతానన్నాను.
అలాగే నించున్నాను.
ఎంతసేపో చూసుకోలేదు.