ఐదు ఆంపియర్లు

బేరూత్‌లో మా వీధి జెనరేటరు అబూ నాసిఫ్‌ది.
బియ్యం కిలోల్లో కొన్నట్టు
అతని దగ్గర కరెంటు ఆంపియర్లలో కొంటాం.
మాది ఐదు.
హద్దు దాటితే ఠప్పున పడిపోయే బ్రేకరు
కింద, మెట్ల పక్క గూట్లో ఉంటుంది.
మేముండేది ఆరో అంతస్తు.
తప్పెవరిదైనా చీకట్లో టార్చి పట్టుకుని
దిగాల్సింది నేనే.

అందుకే బళ్ళో చెప్పని ఎక్కం నాకు నోటికొచ్చు:
రెండొందల ఇరవై అయిదులు పదకొండొందలు.

తాత నేర్పాడు, ముక్కులో గొట్టంతో,
ఊపిరి అందినన్ని మాటల్లో.
"వోల్టులంటే మన మెట్ల ఎత్తు.
ఆంపియర్లంటే నిమిషానికి నువ్వు
పైకి చేర్చే నీళ్ళ డబ్బాలు."
ఆగాడు. పక్కన మిషను రెండుసార్లు నిట్టూర్చింది.
"రెండూ గుణించు. అవే వాట్లు.
నీ నడుముకి తెలిసే లెక్క."
మరి తీగ ఎందుకు వేడెక్కుతుందని అడిగితే
"నీకెందుకు చెమట పడుతుంది?" అన్నాడు.

ఫ్రిజ్ తలుపు మీద అమ్మ పెన్సిలుతో రాసిన చీటీ:
ఫ్రిజ్ నూట యాభై
దీపాలు, ఫ్యాను, అన్నీ కలిపి వంద
నాన్న ఊపిరి మూడొందల యాభై
ఇస్త్రీపెట్టె ఎనిమిదొందలు.
చివరి వరుస మీద అడ్డంగా గీత.

ఊపిరీ ఇస్త్రీ కలిస్తేనే
యాభై వాట్లు ఎక్కువ.
సర్కారు కరెంటొచ్చే ఒక్క గంటా నీళ్ళ మోటారుదే.
నలభై ఏళ్ళు ఊరందరి ప్యాంట్లకీ
వేలు కోసుకునేంత మడత తీసిన దర్జీ
రెండేళ్ళు నలిగిన చొక్కాతోనే కూర్చున్నాడు.
ఎవరైనా వస్తే మాత్రం
కాలరు మీద అరచెయ్యి వేసి రుద్దుకునేవాడు,
చేతి వేడి సరిపోతుందేమోనని.

అద్దె మిషనుని మంగళవారం తిరిగిచ్చేశాం.
గోడకి ప్లగ్గు మూడు రంధ్రాలతో ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం అమ్మ మంచం కింద నుంచి
ఇస్త్రీపెట్టె లాగి, దుమ్ము తుడిచి,
నల్ల గౌను బల్ల మీద పరిచింది.
"ఫ్రిజ్ ఆపెయ్యి" అంది అలవాటుగా.
అక్కర్లేదమ్మా అన్నాను, వెయ్యిన్ని యాభయ్యే.
ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది,
మళ్ళీ పెట్టింది.
ఎక్కడ తగ్గిందో తెలిశాక
చెయ్యి స్విచ్చి మీదే కాసేపు ఉండిపోయింది.

ఎర్ర దీపం వెలిగింది.
తడి చల్లిన గుడ్డ మీద ఆవిరి లేచింది.
నేను చెప్పులేసుకుని, టార్చి పట్టుకుని
గుమ్మం దగ్గరే నిలబడ్డాను
గౌను మొత్తం పూర్తయ్యేదాకా.