గంటకు ఇరవై

ఎన్నూరు దాటాక, అత్తిపట్టు రాకముందు
ఉప్పుటేటి పక్కన మా పట్టాలు
మోకాలెత్తు నీళ్ళకే భయపడేవి.
పదకొండేళ్ళు అక్కడొక పసుపు బోర్డు:
గంటకు ఇరవై.
తాత్కాలికమని కాగితంలో రాసుంది.
తుప్పు తిని బోర్డు రెండుసార్లు మారింది,
అంకె మారలేదు.
సెంట్రల్‌లో దిగి ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళంతా
ఆ చోటుని తిట్టుకుంటూ దాటేవాళ్ళు.
ఆ తిట్లు తినేవాణ్ణి నేను. కీమాన్‌ని.

తెల్లారకముందే సుత్తి భుజానేసుకుని
ఆరు కిలోమీటర్లు పోను, ఆరు రాను.
ప్రతి క్లిప్పునీ తట్టి వినాలి.
బిగువైంది మోగుతుంది,
వదులైంది దగ్గుతుంది.
ఇక్కడి ఉప్పుగాలికి ఇనుము
గోటితో గీరితే ఉల్లిపొట్టులా లేస్తుంది.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం.
రాత్రి రెండింటికి గస్తీలో నేనూ, పెంచలయ్యా.
నీళ్ళు మా మీదికి దూకలేదు.
కట్ట పొట్టలోకి దూరి
గుప్పెడు గుప్పెడు మట్టి మోసుకుపోయాయి,
చప్పుడు కాకుండా.
పైన పట్టాలు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి,
కింద ఏమీ లేకుండా,
బట్టలారేసే తాడులా.
పెంచలయ్య ఎర్రదీపం ఊపుకుంటూ
గుమ్మిడిపూండి లోకల్‌కి ఎదురు పరిగెత్తాడు.
బండి ఆగింది.
ఎంత దూరంలో ఆగిందని ఎవరడిగినా
"చెప్పు యాడబోయిందో దొరకలా" అంటాడు, అంతే.

తర్వాత జీపులొచ్చాయి.
ఒకాయన గోడ కట్టాలన్నాడు.
ఇంకొకాయన ఇంకా ఎత్తు గోడ.
ఇంజనీరమ్మ ఇళవేనిల్ మాత్రం చెప్పులు విడిచి
ఏట్లోకి దిగి, నడుములోతు నీళ్ళలో
చేత్తో తడిమి రొయ్యలు పట్టే మూక్కమ్మను అడిగింది.
మూక్కమ్మ బురదచేత్తోనే చూపించింది:
"ఆడొక తూము, ఈడొక తూము, అదో ఆ బూడిదదిబ్బ కింద ఇంకోటి.
మా అత్త కాలంలో మూడింట్లోనూ చేపలెగిరేవి.
రెండు మీరే పూడ్చారు.
నీళ్ళు యాడికి పోతాయి మరి?"

పాత నక్షా బూజు దులిపి చూస్తే
మూడే ఉన్నాయి.

ఇక రాత్రుళ్ళు. బండ్లు లేని మూడేసి గంటలు.
కట్ట కడుపులోకి కాంక్రీటు పెట్టెలు
జాకీలతో అంగుళం అంగుళం నెట్టారు.
తీగ వలల్లో బండరాళ్ళు నింపి అంచున పేర్చాం.
గోడకి రావలసిన డబ్బులో కొంత
మడ మొక్కలకి పోయింది.
మొదటి విడత మేకలు తినేశాయి.
రెండో విడతకి ముళ్ళకంప చుట్టాం.
స్తంభానికొక పెట్టె బిగించారు,
నీళ్ళు పెరిగితే కంట్రోలుకి అదే కబురు చెబుతుందట.
పెంచలయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి
"దీనికి బీడీ అలవాటుందా?" అన్నాడు.

మరుసటేడు తుపాను మమ్మల్ని మర్చిపోలేదు.
రాత్రంతా కట్టమీద కూర్చుని విన్నాను.
మూడు తూముల్లో మూడు గొంతులతో
నీళ్ళు అటునుంచి ఇటు పోయాయి,
తిరునాళ్ళ జనం వంతెన కింద దాటినట్టు.
నలభై నిమిషాలు బండ్లు ఆపాం.
రాళ్ళు ఒకచోట జారాయి, మళ్ళీ పేర్చాం.
మాకేమీ కాలేదని నేననను.
తెల్లారేసరికి పట్టా కింద మట్టి ఉంది.

బోర్డు పీకేయమని ఉత్తర్వు వచ్చిన రోజు
పెంచలయ్య అప్పటికే రిటైరై సూళ్ళూరుపేట పోయాడు.
నేనొక్కణ్ణే బోల్టులు విప్పాను.
స్టోరులో వద్దన్నారు, తుక్కు అన్నారు.
మూక్కమ్మ అడిగి తీసుకుంది.

ఇప్పుడు దాని మీద రొయ్యలు ఎండుతాయి.
ఇరవైలో సున్నా నిండా చిన్నవి,
రెండు వంపులో కాస్త పెద్దవి.
పక్కనే లోకల్ ఎగిరిపోతుంది.
కిటికీలో ఒక్కరూ తలెత్తరు.
తిట్టుకునేందుకు వాళ్ళకిక్కడ చోటే లేదు.

నేను సుత్తి ఎత్తి తడుతూ పోతున్నాను.
మోగింది. మోగింది. మోగింది.
ఇదుగో, ఇది దగ్గింది.