తోయగలిగినంత బరువు

లోయానో దాటాక, పాత రాతి క్వారీ దగ్గర
రోడ్డు కుడికి తిరుగుతుంది.
తిరిగింది చాలదన్నట్టు
ఇంకాస్త తిరుగుతుంది.
నాన్న దాన్ని పరీక్ష అనేవాడు.
షెడ్డులో బండి బాగుపడిందా లేదా అన్నది
చెవి సగమే చెబుతుంది,
మిగతా సగం ఆ మలుపు చెప్పాలి.

మిలాన్ నుంచి వచ్చిన కుర్రాడు, ఎర్మెస్,
నాలుగు బళ్ల చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి
"వీటిలో ఏది మంచిది, సిన్యోరా నీవెస్?" అన్నాడు.
గుర్రపుశక్తి ఎంతని కూడా అడిగాడు.
తాళాలు ఇచ్చాను.
క్వారీ దాకా పోయి రా, మాట్లాడుకుందాం.

మొరీని నూటడెబ్బై అయిదు:
చూపు ఎటు పడితే అటే దాని నడక.
మలుపు నడిమధ్య గొంగళిపురుగు కనబడినా
పక్కకి తప్పించి మళ్లీ గీతలోకి వచ్చేస్తుంది.
పదిహేడేళ్లప్పుడు దాని మీద కూర్చుని
నా అంత చురుకైనది లేదనుకున్నాను.
చురుకు దానిది.
ఫూతా కనుమ మీద గాలి వీచిందంటే
ఇద్దరం కలిసే వణికేవాళ్లం.

ఫల్కోనె అయిదొందలు అలా కాదు.
దాన్ని లేపడానికే ఒక మర్యాద ఉంది.
స్పార్కు వెనక్కి లాగి, మీట ఎత్తి,
పిస్టన్ ఎక్కడ పడుకుందో పాదంతో తడిమి
అప్పుడు తన్నాలి.
తొందరపడిన నాన్న మోకాలికి
అది రెండుసార్లు జవాబిచ్చింది.
ఇంజను పక్కన బయటే తిరిగే పెద్ద చక్రం,
దెబ్బకీ దెబ్బకీ మధ్య
ఒక ముద్ద నమిలి మింగేంత తీరిక.
మలుపు రాకముందే దానికి మాటివ్వాలి.
ఇచ్చాక తను మార్చదు,
నిన్నూ మార్చనివ్వదు.

పచ్చ ట్యాంకుది, ఏడొందల యాభై, మా తమ్ముడు లెయార్కోది.
నిలబెట్టి గ్యాస్ ఇస్తే చాలు
కుడిపక్కకి భుజం విసురుతుంది.
మలుపులో భయమేసి గ్యాస్ వదిలావా,
వెనకభాగం కూలబడి
ఇనుము రోడ్డును గీకుతుంది.
భయమేసినప్పుడే ఇంకొంచెం ఇవ్వాలి దానికి.
ఈ సంగతి నాకు నలభై దాటాకే ఒంటబట్టింది.
లెయార్కోకి ఒంటబట్టలేదు.
క్వారీ గోడ మీద పచ్చగీత ఇంకా ఉంది.
బతికాడు. ఇప్పుడు బస్సెక్కుతాడు,
బండి మాట వస్తే
విడాకులిచ్చిన భార్య సంగతిలా
కిటికీలోంచి చూస్తూ మాట్లాడతాడు.

ఇక మూలన, గోనెపట్టా కింద,
గుత్సీనో. అరవై అయిదు.
అమ్మ మంత్రసాని. వెనక సంచీ కట్టుకుని
అర్ధరాత్రి మంచులో దీని మీదే వెళ్లేది.
ఎక్కుడు వస్తే రెండు కాళ్లూ కింద ఆనించి
పడవ తోసినట్టు సాయం పట్టేది.
పొగ ముందు, బండి వెనక.
మలుపుందని దానికి తెలియనే తెలియదు,
కొండ ఉందని మాత్రం బాగా తెలుసు.
మిగతా మూడింటి మీద వేలసార్లు తిరిగాను,
ఆ వంపులో చెస్ట్‌నట్ల కింద
ఒక నీటిబుగ్గ ఉందని
దీని మీదే చూశాను.

ఎర్మెస్ మూడుసార్లు వెళ్లి మూడుసార్లు వచ్చాడు.
మూడోసారి హెల్మెట్ తీశాక
గుర్రపుశక్తి గురించి ఇంకేమీ అడగలేదు.
ఫల్కోనె తీసుకున్నాడు.
డబ్బు లెక్కపెడుతూ గోనెపట్టా వైపు చూసి
"మరి అది?" అన్నాడు.
అది అమ్మకానికి కాదన్నాను.
చూడు, నా మణికట్టు కట్టు.
దారిలో ఆగిపోతే
నేనొక్కదాన్నే తోసుకుంటూ ఇంటికి తేగలిగింది
అదొక్కటే.

సాయంత్రం ఫల్కోనె లోయలోకి దిగుతుంటే
గుమ్మంలో నిలబడి దెబ్బలు లెక్కపెట్టాను.
నూట పన్నెండు దగ్గర లెక్క తప్పింది.
క్వారీ దగ్గర
ముందే మాటిచ్చాడో లేదో ఆ కుర్రాడు.
చెవి సగమే చెబుతుంది.