ఆగే చోట్లు

నా నడుముకి పదకొండు ఇళ్ల తాళాలు.
ఒక్కటీ నాది కాదు.
మా ఇంటికి తాళంతో పనిలేదు, అమ్మ ఎప్పుడూ గుమ్మంలోనే ఉంటుంది
"ఊరంతా కుక్కల్ని తరుముతుంటే నువ్వు తిప్పుతావుటే రూతూ" అని
గుణదల కొండకి వినపడేట్టు అడగడానికి.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది నీ యవ్వారం, అంది మొదటిరోజు.
మనకి గోదారెక్కడిదే, కృష్ణ కదా, అన్నాను.
నాలుగేళ్లయింది. ఈదుతూనే ఉన్నా.

అంతకుముందు బీసెంట్ రోడ్డులో చీరలు మడతపెట్టేదాన్ని.
పదిమంది విప్పి పడేసిన పట్టుచీరకి ఎంత ఓర్పు కావాలో
తడిసిన పామరేనియన్‌కీ అంతే.

రోహిణి కార్తెలో నాలుగున్నరకే బయల్దేరతాను.
సాయంత్రం నడకైతే ముందు తారు మీద
అరచెయ్యి తిరగేసి పెట్టి అయిదు లెక్కపెడతాను.
మూడు దగ్గరే చెయ్యి లేచిందా, ఆ పూట నడక లేదు.
మొగల్రాజపురంలో ఒకాయన
"నెలనెలా ఇచ్చేది నడిపించడానికే కదమ్మా" అన్నారు.
చెప్పులు విప్పి ఓసారి రోడ్డు మీదికి రండి సార్, అన్నాను.
రాలేదు. డబ్బులు మాత్రం కొయ్యలేదు.

బుడమేరు పొంగినప్పుడు
సింగ్‌నగర్‌లో ఎవరిదో రెండో అంతస్తులో
నేనూ, ఒక ముసలి లాబ్రడారూ, రెండు పిల్లులూ.
కరెంటు లేదు. ఫోను చచ్చిపోయింది.
ఉన్న రస్కుల పొట్లం వాటాలు వేస్తే
పిల్లులు మొహం తిప్పుకుని భీష్మించుక్కూర్చున్నాయి.
మూడోరోజు పడవొచ్చింది.
మనుషుల్నే ఎక్కించుకుంటాం, అన్నాడు కుర్రాడు.
అయితే నలుగురం, అన్నాను.

దీపావళికి అందరికీ నేనే కావాలి.
ఒక్కదాన్ని, ఎన్ని ఇళ్లలో ఉండను?
పటమటలో టైసన్ని ఎంచుకున్నాను.
చూస్తే పోస్ట్‌మాన్ గేటు అవతలే ఉత్తరం వదిలేసి పోయే రాట్‌వీలర్,
బాత్రూంలో బకెట్ వెనక తల దూర్చి వణుకుతోంది.
కుళాయి తిప్పి వదిలాను.
నీళ్ల చప్పుడుకి లక్ష్మీబాంబులు వీధి చివరికి జరుగుతాయి.
ఆ రాత్రి ట్యాంకు మొత్తం ఖాళీ అయింది.
ఎవరూ ఏమీ అనలేదు.

ఇక పినాకిని.
తాయారు గారిది రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం.
ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద దొరికిన కుక్కపిల్లకి
తను ఎక్కే బండి పేరే పెట్టుకుంది.
ఆవిడ మద్రాసులో ఉన్న రోజుల్లో దానికి నేను,
విజయవాడలో ఉన్న రోజుల్లో ఆవిడకి నిద్ర.
ధనుర్మాసం మంచు బందరు కాలవ మీద లేచే వేళకి
పినాకిని నడక కాలవ గట్టు నుంచి మలుపుకి తగ్గింది,
మలుపు నుంచి గేటుకి,
గేటు నుంచి నా ఒళ్లోకి.

నాలుగురోజులాగి తాళం ఇచ్చేద్దామని వెళ్లాను.
ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని నిలబడి ఉంది.
తాళం తీసుకోలేదు.
"అది ఎటు నడిచేదో నాకు తెలీదు రూతూ.
ఒక్కసారి చూపిస్తావా?"

చూపించాను.
పాలబూత్ పక్క స్తంభం, ఇక్కడ ఒక నిమిషం.
ఇస్త్రీ బండి. బొగ్గు వాసన దానికి ఇష్టం.
గచ్చకాయరంగు కారు, దాన్ని చూస్తే ఎందుకో గుర్రు.
కాలవ గట్టు మీద ఈ విరిగిన సిమెంటు బల్ల,
దీని కింద పడుకునేది, రైలు కూత వినపడేదాకా.

తాయారు గారు బల్ల మీద కూర్చుంది.
నేను నిలబడ్డాను.
నా ఎడంచెయ్యి, తాడు లేకపోయినా, కాస్త ముందుకే ఉంది.

స్టేషన్ వైపు నుంచి కూత.
ఆవిడ వాచీ చూసుకుంది.
"పది నిమిషాలు లేటు" అంది.
కళ్లు తుడుచుకుని లేచింది.
"తరవాత ఎక్కడ ఆగుతుంది?"