జీరో టికెట్

నాలుగు రోజులైంది
ఆ పడవాయన్ని నది నడుమ ఆపేసి.
పడవల మోకాళ్ల దాకా నీళ్లెక్కినయి,
ఆయన తెడ్డు లేపిండు,
అంతల్నే గుర్రంపోడు వచ్చింది.
పుస్తకం మూసి సంచిల వేసి
మిషన్ అందుకొని లేచిన.

అప్పటిసంది ఆయన అట్లనే ఉన్నడు,
తెడ్డు లేపి.

నేనేం చెయ్యాలె?
మొన్న లహరికి జరం. నిన్న డబుల్ డ్యూటీ.
ఇయ్యాల పొద్దుగాల నాలుగింటికి లేచి
రెండు డబ్బలల్ల బెండకాయ, ఒక డబ్బల పచ్చిపులుసు
(చిన్నోడు జిగురు కూర తినడు)
చీకట్లనే డిపోకు ఉరికిన.
బస్సు కదిలినంక యాదికొచ్చిండు పడవాయన,
పొయ్యి బంద్ చేసిన్నా లేదా అని
యాదికొచ్చినట్టు.

కనగల్ దాటినంక, టికెట్లు కొట్టుడైనంక
ఎనిమిది నిమిషాలు నావి.
బత్తాయి తోటలు అటు ఉరుకుతయి,
అక్షరాలు ఇటు ఉరుకుతయి,
గుంతల బస్సు దూకితే
నా లైను కింది లైనుల పడ్తది.
అర పేజీ. ఒక్కోసారి పావు.
డ్రైవర్ లింగస్వామి అద్దంల చూసి అంటడు:
"ఏం అక్కా, పరీక్షున్నదా?"

లైబ్రరీల సైదులు సారు
రిజిస్టర్ మీద వేలు వెట్టి అన్నడు:
"మూడోసారి రాస్తున్నమ్మా, ఇదే పుస్తకం."
అయిపోలే సార్.
"మంచిగున్నదా?"
తెల్వదు సార్, ఇంకా నీళ్లల్లనే ఉన్నం.
ఆయన నవ్విండు. ఫైన్ రాయలే.

అరవై ఒకటో పేజీల పసుపు మరక నాదే.
నూట నాలుగుల ఎవరో పెన్సిల్‌తోని
'అబద్ధం' అని రాసిండ్రు.
దాని కింద ఇంకెవరో నీలి సిరాతోని
'నీకేం తెల్సు?'
ఎన్నడు చూడని ఆ ఇద్దరి పంచాయతికి
నిండు బస్సుల ఒక్కదాన్నే నవ్విన.
పక్క సీటు ముసలామె
నా దిక్కు చూసి తనూ నవ్వింది, ఊరికెనే.

పద్నాలుగేండ్ల నౌకరిల
అన్నీ సగం ముచ్చట్లే విన్న.
మల్లేపల్లిల ఎక్కిన ఏడుపు
దేవరకొండల దిగిపోతది,
ఎందుకేడ్చిందో చెప్పకుంట.
ఫోన్ల ఎవరో "ఆయన ఒప్పుకున్నడే!" అంటరు,
స్టేజీ వస్తది, దిగుతరు.
ఏం ఒప్పుకున్నడో
ఇంటికి పోయి అంట్లు తోముకుంట ఆలోచిస్త.
పుస్తకంల అట్ల కాదు.
దాంట్ల ఎవరూ నడుమల దిగరు.
నేనే దిగుత.

గుర్తుకు పెట్టుకున్నది జీరో టికెట్,
ఎవరో సీటుల ఇడిచిపెట్టింది.
నల్గొండ నుంచి దేవరకొండ,
మహిళ ఒకటి, రూపాయలు సున్న.
సిరా వెలిసిపోతున్నది గని
పయనం చెల్లుతనే ఉన్నది.

రాత్రి పదకొండు.
రేపటి యూనిఫాం ఇస్త్రీ అయింది.
వంటింట్ల గ్యాస్ బండకు ఒరిగి కూసున్న.
కండ్లు మూతలు వడ్తున్నయి,
ఒకటే లైను మూడుసార్లు చదివిన,
మూడుసార్లూ తెడ్డు లేపిండు పాపం.
నిద్ర ఆపుకోను పేజీలు తిప్పితే
నా టికెట్‌కు నలభై పేజీల ముందట
ఇంకో గుర్తు:
లెక్కల నోట్‌బుక్కు చింపిన ముక్క,
సగంల ఇడిసిన భాగహారం.

తలెత్తిన.
మంచం మీదికెళ్లి లహరి చూస్తున్నది,
జరం తగ్గిన కండ్లతోని.
"అమ్మా, ఆ పడవాయన..."

"చెప్పకు!"
చిన్నోడు ఉలిక్కిపడి మర్లిండు.
ఇన్ని రోజులు ఆయన్ని మోసింది నేను,
మధ్యల నువ్వెవరే?

నోటికి దుప్పటి అడ్డం పెట్టుకొని
పిల్ల నవ్వుతున్నది.
ఆయన బతికినందుకు నవ్వుతున్నదా,
నన్ను చూసి నవ్వుతున్నదా,
ఆ మొఖం మీద ఏదీ రాసిలేదు.
జరమొచ్చిన మూడు రోజులు
దీని తల మీద తడిబట్ట వేసి నేను డ్యూటీకి పోతే
ఇది ఆయనతోని ఉన్నదన్నమాట.

నాలుగింటికి అలారం ఉన్నది.
లైటు తీయలే.
తెడ్డు నీళ్లను తాకింది.