పొయ్యిలో పిల్లి

జూలై ఒకటి ఖాశింబీ పుట్టినరోజంట,
ఆధార్ కార్డు అంటది.
ఏ క్యాంపులో ఏ కుర్రోడు కొట్టాడో ఆ తేదీ,
మా వీధిలో సగం మంది ఆ రోజే పుట్టారు.
అయినా నూర్జహాన్ పట్టుబట్టింది:
"అమ్మకి ఏదన్నా చేద్దాం నాయనా,
పొయ్యి ముట్టించకుండా."

హాస్టల్లో నూట ఇరవై మంది పిల్లలకి
పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారు,
రాత్రికి మళ్ళీ ఎసరు.
ఇంటికొచ్చి నీళ్ళు పోసుకున్నా
ఖాశింబీ ముంజేతుల్లోంచి సెగ పోదు.
నిద్రలో చెయ్యి తగిలితే నాకు తెలుస్తది.

రెండ్రోజుల ముందే పెరుగు మూట కట్టాం,
పాత పంచె గుడ్డలో, గోడ మేకుకి.
రాత్రంతా చుక్క, చుక్క, సత్తు గిన్నెలోకి.
"అదేంది?" అంది.
"నడుంనొప్పికి మందు" అన్నా.
నమ్మింది. నాకు నడుంనొప్పి ఉంది మరి.

గాజు గిన్నె మా ఇంట్లో యాడిది?
ఆవకాయ సీసా మూడుసార్లు కడిగి ఎండలో బోర్లించాం.
"గాజుదే ఉండాల నాయనా, పొరలు కనపడాల గదా."

పొరలు!
ఎవరికి చెప్తంది ఇది.
మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు
పొరలు తీసినోణ్ణి నేను.
రాయిని నిలబెట్టి అంచున ఉలి ఆనించి
గట్టిగా కాదు, బిడ్డని లేపినట్టు మూడు తట్లు.
పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోయేది.
నా పలకల మీద ఎందరు అ ఆలు దిద్దారో,
ఎందరు ఉమ్మేసి తుడిచారో.
ఇప్పుడు షెడ్డుకి తాళం.
నేను పెట్రోలు బంకులో టైర్లకి గాలి కొడతా.

"పాలల్లో ముంచి రెండు లెక్కపెట్టు.
మూడైతే కరిగిపోద్ది."
నా వేళ్ళు మొద్దు. రెండు బిస్కెట్లు మునిగిపోయాయి,
వాటిని అట్నే తాగేశా.
ఒక వరస బిస్కెట్లు, దాని మీద తీపి పెరుగు,
పాలడబ్బా, చాక్లెట్ పొడి, మళ్ళీ బిస్కెట్లు.
గోడకట్టులో చిల్లరాళ్ళు దూర్చినట్టు
సందుల్లో విరిగిన ముక్కలు.
ఏడు పొరలు లేపా.
అంచులు తిన్నగా, దేనికది, లెక్కగా.

నవ్వింది పిల్ల.
"విడివిడిగా ఉంటే కుదరదు నాయనా.
తెల్లారేసరికి ఒకదాన్నొకటి తాగాల."

చెన్నకేశవులు సోడా కొట్టు ఫ్రిజ్‌లో
సుగంధ సీసాల మధ్య చోటు దొరికింది.
బాడుగ ఒక చెంచా అన్నాడు.
రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది,
రెండుసార్లూ లేచి కూర్చున్నా,
కాన్పుగది బయట కూర్చున్నట్టు.

మర్నాడు రాత్రి తొమ్మిదికి వచ్చింది ఖాశింబీ,
చెప్పులు విడవకముందే చేతిలో సీసా పెట్టాం.
చెంచా దిగింది.
నా కళ్ళు అంచునే ఉన్నాయి,
ఉలి ఆనే గీత యాడన్నా దొరుకుద్దా అని.
దొరకలా.
బిస్కెట్టు బిస్కెట్టుగా లేదు, పెరుగు పెరుగుగా లేదు.
ముప్పై ఏళ్ళ నా పనితనం
ఏడు పొరల్లో ఒక్కదాన్ని విడదీయలేకపోయింది.

"పెరుగు పులిసింది" అంది.
"ఆవకాయ వాసన" అంది.
తర్వాత నాలుగో పొర దాకా మాట్లాడలా.
"ఎంతసేపు ఉడికించారు?"
"అసలు ముట్టించలేదమ్మా."

లేచి వెళ్ళి గ్యాసు బర్నరు మీద అరచెయ్యి పెట్టింది.
పస్తున్న రోజుల్ని మా అమ్మ
'పొయ్యిలో పిల్లి లేవలేదు' అనేది.
మాకు పిల్లి లేదు.
చల్లటి ఇనుము మీద ఖాశింబీ చెయ్యి
లేవబుద్ధి కానట్టు అట్నే పడుకుంది.

నేను సీసా అడుగు గీకుతున్నా.
"నాయనా, చెన్నకేశవులు చెంచా!" అని పిల్ల అరిచేసరికి
అది నా నోట్లో ఉంది.