కచి పిట్టకు బదులు

బుసాన్‌లో పాలపన్ను ఊడితే
ఇంటికప్పు మీదికి విసురుతారు,
నలుపూ తెలుపూ రెక్కల కచి పిట్ట
పాతది పట్టుకెళ్ళి కొత్తది తెస్తుందని.

బోరమ్ పన్ను కప్పెక్కలేదు.
మంచుపెట్టెలో నా బల్ల మీదికొచ్చింది.
పగలగొట్టి, చీమతలంత గుజ్జును
సూదిమొనతో లాగాను.
దొంగతనంలాగే అనిపించింది, ఎప్పటిలా.

విషం పిండేసిన వైరస్ మా పిట్ట.
దాని ముక్కున ఒకే ఒక్క జన్యువు,
అందులో ఒకటే మాట:
ఎముకవి కా.

కణాలు చెప్పగానే వింటాయా?
మొదటి పళ్ళెం బూజు పట్టింది.
రెండోది తిని కూర్చుని
ఊరికే కొవ్వు పోగేసుకుంది.
మూడోదాన్ని ఇరవై ఒక్క రోజులు సాకాను,
ఆదివారాలు కూడా వచ్చి తిండి మార్చి.

రంగు పోశాను. కడిగాను.
అడుగున ఎర్రగా,
ఆకూ వక్కా లేకుండానే పండిన
సున్నం!

గోజే ఓడల రేవులో వెల్డరు మాన్సోక్
సగం దవడ కణితికిచ్చి
గంజితో గడుపుతున్నాడు.
"నాకెప్పుడు?" అని కాగితం మీద రాసి చూపిస్తాడు.
మేమింకా ఎలుక పుర్రెలో చిల్లి దగ్గరే ఉన్నాం,
అదీ సగమే పూడింది.
ఆ సగం మాట చెప్పబోతే
నాకు నోరు పెగలదు.

నిన్న బోరమ్ వచ్చింది.
"నా పన్నేది?"
పళ్ళెం చూపించాను.
ముక్కు ఆనించి చాలాసేపు చూసి
"ఇది కొరకదు కదా" అంది.

కొరకదు.
మోస్తుందేమో, ఎప్పుడో, ఎవరి నోటినో.

అప్పటికే తను
సగం మొలిచిన కొత్త పన్నును
నాలుకతో తడుముకుంటూ
లిఫ్టు దగ్గరికి పరిగెత్తింది.